పదమూడో సాంచాకు పదహారు ముగింపులు

నర్సన్నకు మతిమరుపు వచ్చిందన్న మాట సిరిసిల్లలో పుట్టి, ఒకవైపు కోరుట్ల దాకా, మరోవైపు జగిత్యాల బస్టాండు దాకా పాకింది. ఒకే కథను ఒకరికి ఒక తీరుగా, ఇంకొకరికి ఇంకో తీరుగా చెబుతున్నాడట. పొద్దున చెప్పింది సాయంత్రానికి గుర్తుండదట. ఒంటరిగా బస్సెక్కించకూడదట. ఇందులో కథను తీరుతీరుగా చెప్పడం ఒక్కటే నిజం. మిగతాది తప్పని తెలిసిన ఒకరిద్దరూ ఇన్నాళ్లు నోరు కట్టేసుకున్నారు. ఆ కథ సినిమాగా వచ్చేసింది, ఇక కట్టేసుకోవాల్సిన పని లేదు కాబట్టి చెప్పుకోవచ్చు.

ముందుగా నర్సన్న గురించి ఒక్క సంగతి తెలియాలి. ఆయన ఏ కథనైనా చివరి నుంచి మొదలుపెడతాడు. ముగింపు చెప్పాకే మిగతాది చెబుతాడు. అరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ వరుస తప్పలేదు.

"భూమన్నా, నీ బర్రె దొరికిందే" అంటూ వస్తాడు. అప్పటిదాకా భూమన్నకు తన బర్రె తప్పిపోయిన సంగతే తెలియదు. ఇక అక్కణ్నుంచి వెనక్కి, బర్రె ఎక్కడ దొరికింది, ఎవరు కట్టేశారు, అంతకుముందు ఎవరి మక్కచేను మేసింది, తాడు ఎప్పుడు తెంపుకుంది అని చెప్పుకుంటూ పోతాడు. కథంతా అయ్యేసరికి భూమన్న తన ఇంటి ముందు గుంజ దగ్గర నిలబడి ఉంటాడు.

సినిమా హాలు దగ్గరైతే, మొదటి ఆట వదిలే వేళకు రెండో ఆట లైనులో ఉన్నవాళ్లు చెవుల్లో వేళ్లు పెట్టుకునేవారు. మేనేజరు చూసి చూసి నర్సన్నను వెనక గేటు నుంచి పంపే ఏర్పాటు చేశాడు. వెనక గేటు దగ్గర సోడా బండి ఉండేది. ఆ బండి మనిషి మూడేళ్లపాటు ఒక్క సినిమా చూడకుండా అన్ని సినిమాలూ తెలిసినవాడయ్యాడు.

వాడలో ఒకసారి ఒగ్గుకథ పెట్టించారు. కథలో పసివాడు అడవిలో తప్పిపోయాడు. ఆడవాళ్లంతా కొంగులతో కళ్లు ఒత్తుకుంటుంటే నర్సన్న లేచి నిలబడి, "ఏడ్వకుండ్రి, పొద్దుగాలకు దొరుకుతడు" అన్నాడు. కథకుడు డోలు ఆపించాడు. "నర్సన్నా, మిగిలింది గూడ నువ్వే చెప్పు. మేం బువ్వ తిని పోతం" అన్నాడు.

సొంత పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు చెప్పులు విడవకముందే "నాకు పిల్ల నచ్చింది" అన్నాడట. "ఇంక చూడనే లేదు గదనయ్యా" అన్నారు వాళ్లు. "చూస్త. చూసెటప్పుడు మీరు గుబులు వడద్దని చెప్తున్న" అన్నాడట. ఆ పిల్లే పోశవ్వ. నలభై ఏళ్లుగా ఆ చివరా ఈ మొదలూ కలిపి వినడం ఆమెకు అలవాటైపోయింది.

ఇలాంటి మనిషికి ఉన్న మూతబడిన మరమగ్గాల షెడ్డులో సైకలాజికల్ థ్రిల్లర్ ట్రైలర్ తీయాలని రచనకు తోచింది.

రచన అదే వాడలో సాంచాలు రిపేరు చేసే రమేశ్ బిడ్డ. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. డిగ్రీ రెండో ఏడు చదువుతూ, ఫోనుతో వాడలోని పెళ్లిళ్లూ బోనాలూ తీసి, చివరికి పిల్లులను కూడా తీసి, ఇక తీయడానికి ఏమీ మిగలక కథ రాసుకుంది. జగిత్యాలలో ఒక కాలేజీ వాళ్లు చుట్టుపక్కల విద్యార్థులందరికీ ట్రైలర్ల పోటీ పెట్టారు. రెండు నిమిషాల ట్రైలర్ వేస్తారు. చూసినవాళ్లు ఈ కథ చివరికి ఏమవుతుందో చీటీ మీద రాయాలి. అసలు ముగింపును ప్రతి జట్టూ ముందే కవరులో పెట్టి, అంటించి ఇచ్చేయాలి. పావు వంతు మంది గనుక సరిగ్గా రాశారా, ఆ జట్టు పోటీలోంచి అవుట్. మిగిలినవాటిలో మంచి ట్రైలరుకు బహుమతి.

రమేశ్ బిడ్డకు ఒకటే మాట చెప్పాడు. "గెలిస్తే సినిమా మొత్తం తియ్యి, నేనడ్డం రాను. గెలువకుంటే గా ఫోను పక్కన వెట్టి బ్యాంకు కోచింగుకు పో. మల్ల సినిమా ముచ్చట ఈ ఇంట్ల వద్దు."

రచన సరేనంది. ఆమెకు తోడు ఇద్దరు. కోరుట్ల నుంచి వచ్చి సిరిసిల్లలో చదువుకుంటున్న సాకేత్ రావుకు సొంత కెమెరా ఉంది కాబట్టి అతను కెమెరామన్. భాగ్యశ్రీకి కళ్లు పెద్దవి కాబట్టి ఆమె భయపడే అమ్మాయి. కథ పేరు 'పదమూడో సాంచా'. మూతబడిన షెడ్డులో పన్నెండు సాంచాలుంటాయి. వాటిని చూసుకునే అమ్మాయికి మాత్రం పదమూడో సాంచా చప్పుడు వినిపిస్తుంది. లెక్కపెడితే పన్నెండే. తెల్లవారి చూస్తే ఎక్కడో గజం బట్ట కొత్తగా నేసి ఉంటుంది. ఎవరు నేస్తున్నారన్నదే ముగింపు.

పన్నెండు సాంచాలు ఆగి ఉన్న షెడ్డు వాడలో ఒక్కటే ఉంది. దాని తాళం నర్సన్న మొలతాడుకు ఉంటుంది. వరసకు పెదనాన్న కాబట్టి రచనే వెళ్లి అడిగింది.

"తాళం ఇయ్యరాదు పెద్దబాపూ, రెండు దినాలు."

"ఇస్త. చివర్ల ఏమైతది?"

"చివర్ల తాళం మల్ల నీకే ఇస్తం."

"తాళం గాదు బిడ్డా. కథ."

"అది చెప్పద్దు. పోటీల రూలు."

"మరి నా షెడ్డుల ఏమైతదో నాకు తెలువద్దా? ముగింపు తెలువకుంటే నాకు బువ్వ లోపలికి పోదు. మీ పెద్దవ్వను అడుగు."

పోశవ్వ లోపలి నుంచే "పోదు" అంది.

చెప్పక తప్పలేదు. చెవిలో చెప్పింది. నర్సన్న విని, కాసేపు ఆలోచించి, "మంచిగున్నది. పాపం పిల్ల" అన్నాడు. అంజన్న మీద ఒట్టు వేయమని రచన అడిగితే మాత్రం వేయలేదు. "కొండగట్టు దేవుని ముంగట నన్ను అబద్దాలోన్ని చెయ్యకు. ఒట్టు వెయ్య. కోషిశ్ చేస్త" అన్నాడు. అంత నిజాయితీగా భయపెట్టిన మనిషిని రచన అంతకుముందు చూడలేదు.

షూటింగు మొదటిరోజు పక్క షెడ్డు వాళ్లను బతిమాలి గంటసేపు సాంచాలు ఆపించారు. భాగ్యశ్రీ జుట్టు విరబోసుకుని సాంచాల మధ్య నడుస్తూ ఉలిక్కిపడి వెనక్కి తిరగాలి. సాకేత్ కెమెరా పట్టాడు. రచన "యాక్షన్" అంది. భాగ్యశ్రీ కళ్లు ఇంతింత చేసి, పెదవులు వణికిస్తూ తిరిగింది. కెమెరా వెనక నుంచి నర్సన్న నెమ్మదిగా, "గుబులు వడకు బిడ్డా, నీకేం గాదు" అన్నాడు. భాగ్యశ్రీ ముఖంలోంచి భయం పోయి నవ్వు వచ్చింది.

"కట్. పెద్దబాపూ, ఆమె భయపడాలె."

"ఎందుకు భయపడాలె? ఆమెకు ముగింపు తెలుసు గద."

"భాగ్యశ్రీకి తెలుసు. ఆ పిల్లకు తెలువది."

"ఎవలన్న చెప్పద్దా మరి ఆ పిల్లకు?"

ఏడు టేకులు ఇలాగే పోయాయి. బయట కాపలా పెడితే, తొంగిచూసిన ప్రతివాడికీ "ఏం గాలె, అందరు మంచిగున్నరు, సినిమా తీస్తుండ్రు" అని చెప్పి జనాన్ని పోగేశాడు. చివరికి పోశవ్వే దారి చూపింది. బియ్యప్పిండితో కరకరలాడే సర్వపిండి గిన్నెడు చేసి తెచ్చి, రచన యాక్షన్ అన్నప్పుడల్లా ఒక ముక్క మొగుడి నోట్లో పెట్టింది. సర్వపిండి నోట్లో ఉండగా మాట్లాడే మనిషి కాదు నర్సన్న. తిండికి అంత మర్యాద ఇస్తాడు. తర్వాత చూసుకుంటే భాగ్యశ్రీ భయపడిన ప్రతి షాటులోనూ వెనక నుంచి కర్రు కర్రుమని ఎవరో ఎముకలు నములుతున్నట్టు చప్పుడు వచ్చింది. సాకేత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండుసార్లు విని, "గీ సౌండ్ మాత్రం తియ్యకు రచనా, గిదే భయపెడుతున్నది" అన్నాడు. అది ట్రైలరులో అలాగే ఉండిపోయింది.

రెండో షూటింగు కోరుట్లలో. కథలో డాక్టరు గది కావాలి. సాకేత్ తాత గోపాల్ రావుగారి పాత ఇంట్లో నిలువుటద్దం, పెద్ద బల్ల, కొమ్ములున్న కుర్చీ ఉన్నాయి. సీనులో పెట్టడానికి దారపు కండెల బుట్ట పట్టుకుని నర్సన్న కూడా వెళ్లాడు. సర్వపిండి వెళ్లలేదు. పోశవ్వకు ఆ రోజు వేములవాడలో పెళ్లి ఉంది.

అద్దం ముందు భాగ్యశ్రీ అరవాలి. అరిచింది. చాలా బాగా అరిచింది. వసారాలో కూర్చుని చూస్తున్న గోపాల్ రావుగారు అదిరిపడ్డారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు, నుదుటి మీద చెమట పట్టింది. అది చూసింది నర్సన్న ఒక్కడే. పరుగున వెళ్లి పక్కన కూర్చుని, "ఏం గాలె సారూ, ఉత్తదే. ఆఖరికి ఏమైతదంటే" అని ముగింపంతా చెప్పేశాడు. ఆ పెద్దాయనకు చెవులు మందం కాబట్టి గట్టిగానే చెప్పాడు. రావుగారు ఊపిరి పీల్చుకుని, "గంతేనా, చంపిండ్రు గదరా" అని మంచినీళ్లు తాగారు.

వంటింటి గుమ్మంలో టీ గ్లాసుల పళ్లెంతో సాకేత్ చిన్నాన్న బిడ్డ రుచిత నిలబడి ఉంది. రుచితది కోరుట్ల జట్టు. అదే పోటీకి వాళ్లూ ట్రైలర్ తీస్తున్నారు. పొద్దుగూకేసరికి 'పదమూడో సాంచా' ముగింపు మూడు వాట్సప్ గ్రూపుల్లో ఉంది.

ముగింపు మారుద్దామంటే కవరు అప్పటికే జగిత్యాల చేరింది.

తిరుగు బస్సులో రచన తిట్టి ఉంటే నర్సన్నకు బాగుండేది. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నర్సన్న రెండు ఊళ్లు దాటేదాకా చూసి, "ఏం గాదు బిడ్డా, చివరికి" అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఈ కథ చివర ఏమవుతుందో ఆయనకు తెలియదు. 

మర్నాడు రచన తాళం ఇవ్వడానికి వెళ్లింది. నర్సన్న ఇంట్లో లేడు. తాళం గడపమీద పెట్టి వెళ్లిపోబోతే పోశవ్వ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"కోపంగున్నవా?"

"ఎందుకు పెద్దవ్వా అట్ల చెప్తడు? ఒక్కసారన్న నోరు పట్టుకుంటే ఏమైతది?"

"గీ సెల్లులు రాకముందు బస్టాండు కాడ మాకు ఫోన్ల డబ్బా ఉండె, నువ్వు పుట్టలే. దుబాయి కెళ్లి, మస్కటు కెళ్లి మొగోళ్లు ఫోన్లు చేస్తే మీ పెద్దబాపు ఉరికి పోయి ఇండ్లల్ల చెప్తుండె. ఒకపారి రాములవ్వకు 'నీ కొడుకు కాడికెళ్లి ఫోనచ్చింది' అన్నడు. గంతే అన్నడు. ఆమె కొడుక్కేదో అయ్యిందని సోచాయించిందో ఏమో, ఉరికి ఉరికి అచ్చి డబ్బా ముంగట కూలవడ్డది. కొడుకేమో మామిడికాయ తొక్కు పంపుమనెతందుకు చేసిండు. నీళ్లు చల్లి లేపినం. ఆ దినం సంది మీ పెద్దబాపు గల్లీ మొగదల కెళ్లే ఒర్రుకుంట పోతుండె. 'మంచిగున్నడు, మంచిగున్నడు, ఫోనచ్చింది' అని. ముందుగాల మంచిగున్నడు. ఫోను ఎనుక. అంతకుముందే ఆయనకు ఆ గుణముండె, ఆ దినంతోని ఇగ ముదిరింది."

"మరి మంచిగ లేకుంటే?"

"గప్పుడు ఏమనకపోతుండె. పోయి పక్కన కూసొని, చెయ్యి పట్టుకొని తోలుకస్తుండె."

రచన తాళం తీసుకుని మళ్లీ పోశవ్వ చేతిలో పెట్టింది. కోపం తగ్గింది గానీ ఓటమి మాత్రం అలాగే ముందు కూర్చుని ఉంది. పోటీకి ఇంకా పదకొండు రోజులున్నాయి.

ఆ పదకొండు రోజులూ నర్సన్న ఇంటిపట్టున లేడు. వారానికి రెండుసార్లు తువాలల మూటతో దుకాణాలకు తిరిగే మనిషి, రోజూ పొద్దున్నే మూట భుజాన వేసుకుని కాలేజీ పిల్లలు ఎక్కే బస్సే ఎక్కాడు. ఒకరోజు కోరుట్ల, ఒకరోజు జగిత్యాల, మధ్యలో మెట్‌పల్లి. మోకాలికి గుడ్డ చుట్టుకుని మరీ తిరిగాడు.

ట్రైలరును పెన్‌డ్రైవులో పెట్టుకుని ఇవ్వడానికి రచన జగిత్యాల బస్సెక్కింది. కండక్టరు సుజాత ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టి ఇస్తూ ఆమె పక్కనే కూర్చుంది.

"నర్సన్న మీ వాడోడే గద బిడ్డా?"

"మా పెద్దబాపు అయితడు."

"డాక్టరుకు చూపియ్యుండ్రి."

"ఏమాయె?"

"సోమారం నాడు గా సాంచా నడిపేది ఆ పిల్ల మేనత్త అన్నడు. నేనింటికి పోయి మా అత్తకు గూడ చెప్పిన, రెండు దినాలు మాట్లాడలేదామె. మంగళారం కొండగట్టు పోయెటోళ్లతోటి బస్సు నిండున్నది, గప్పుడు కొండగట్టు కోతి అన్నడు. బుధారం కరెంటాఫీసు లైన్‌మన్ అన్నడు. నిన్న ఎవలూ నడుపుత లేరు, మోటరు ఖరాబయ్యింది అన్నడు. 'మొన్న మేనత్త అంటివి గద కాకా' అంటే 'అన్ననా' అని నా మొకమే చూసిండు. నా పానం కలుక్కుమన్నది."

రచన ప్రాణం అంతకంటే ఎక్కువ కలుక్కుమంది. ఆ నాలుగింటిలో అసలు ముగింపు లేదు. ఒక్క రహస్యం దాచమని బలవంతపెట్టి పెద్దమనిషి బుర్ర పాడుచేశానా అనుకుంది. సైకలాజికల్ థ్రిల్లర్ తను తీస్తే, అది ఆయనకు జరిగిందేమో అనిపించింది. ఇంటికి వచ్చీ రాగానే పోశవ్వ దగ్గరికి పరుగెత్తింది. పోశవ్వ గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏం జేద్దం బిడ్డా, వయసు" అంది. ఏడుపు ఆపుకుంటోందనుకుని రచన మరింత బెంగపడింది.

అప్పటికి సుజాత బస్సు నాలుగు దిక్కులా ఆ మాట మోసింది. వాడలో ఆడవాళ్లు నర్సన్నను చూసి, "నేనెవల్ని చెప్పు" అని పరీక్షలు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన ఒకరికి సరిగ్గా చెప్పి ఇంకొకరికి తప్పు చెప్పేవాడు. తప్పు చెప్పించుకున్నవాళ్లు నెలరోజులు ఆ సంగతే చెప్పుకున్నారు.

పోటీ రోజున జగిత్యాల హాలులో రెండు వందల ముప్పై మంది. 'పదమూడో సాంచా' మొదలైంది. పన్నెండు సాంచాలు నిశ్శబ్దంగా నిలబడ్డాయి. భాగ్యశ్రీ పెద్ద కళ్లతో లెక్కపెట్టింది. పదమూడు అని ఆమె పెదవులు కదిలినచోట చీకట్లోంచి కర్రుమని ఏదో నమిలింది. హాలులో ఒక్కరూ దగ్గలేదు. లైట్లు వెలగగానే అందరూ ఒక్కసారే చీటీల మీద పడి, ఏమాత్రం ఆలోచించకుండా రాసేశారు. అది చూసి రచన ఆశ వదులుకుంది. ఆలోచించకుండా రాస్తున్నారంటే తెలిసి రాస్తున్నారన్నమాట.

జడ్జి చంద్రకళ మేడం రిటైరైన లెక్చరరు. చీటీలు తిరగేస్తూ మొదట కళ్లజోడు సర్దుకుంది, తర్వాత తీసేసింది, తర్వాత మైకు దగ్గరికి వచ్చింది.

"ముప్పై ఒక్కమంది సాంచా నడిపేది కొండగట్టు కోతి అని రాశారు. ఇరవై నాలుగు మంది మేనత్త. పందొమ్మిది మంది కరెంటు లైన్‌మన్. ఒకాయన అటు మేనత్త, ఇటు లైన్‌మన్ ఇద్దరూ అని రాశాడు. నేను లెక్కపెట్టినంత వరకు మొత్తం పదహారు ముగింపులున్నాయి. పదకొండు చీటీల మీద నర్సన్న చెప్పిండు అని కూడా ఉంది. ఈ నర్సన్న ఎవరు?"

"మా బస్సుల అస్తడు మేడం" అన్నారు హాలులో నాలుగు మూలల నుంచి.

మేడం కవరు చింపి, ముగింపును పైకి చదవకుండా చీటీలతో పోల్చి చూసింది. సరైన ముగింపు రాసినవాళ్లు ఏడుగురు. రుచిత ఆ ఏడుగురిలో లేదు. నాలుగు రోజుల కింద ఆమె బస్సులో నర్సన్నను పట్టుకుని, "అంకుల్, ఆ రోజు మీరు చెప్పింది నిజమేనా" అని అడిగిందట. ఆయన "ఏ రోజు బిడ్డా" అని ఇంకొకటి చెప్పాడట. ఆమె చీటీలో మూడు ముగింపులు రాసి రెండు కొట్టేసింది. కొట్టేసిన రెండింటిలో ఒకటి అసలుది.

మొదటి బహుమతి సిరిసిల్లకు వచ్చింది.

రమేశ్ ఆ ట్రైలరును ఫోనులో పదకొండుసార్లు చూశాడు. మొత్తం చూసి, "రెండో షాటుల మూడో సాంచా మీద పోగు తెగింది. సినిమా తీసెటప్పుడు నన్ను పిలువు, కడత" అన్నాడు. ఆ ఇంట్లో అంతకుమించిన మెచ్చుకోలు ఎవరూ వినలేదు. వాడంతా చౌరస్తాలో తెల్ల బట్ట తాను కట్టి దాని మీద ట్రైలర్ వేసుకుని చూసింది. కర్రుమన్న చోట పోశవ్వ చుట్టూ చూసి, "అది మా ఆయనే" అంది.

నర్సన్న ఏదీ మరచిపోలేదని, అసలు ముగింపును ఉత్తవాటి గుంపులో దాచాడని రచనకు అప్పటికి అర్థమైంది. మర్నాడు ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన అరుగు మీద కూర్చుని, కళ్లు సగం మూసుకుని, నానబెట్టిన బాదంపప్పులు ఒక్కొక్కటే పొట్టు తీసి తింటున్నాడు. పక్కన అక్రోట్ల పొట్లం, గ్లాసులో సరస్వతాకు రసం. అన్నీ మతి కుదుటపడాలని వాడలో ఆడవాళ్లు పంపినవే.

"పెద్దవ్వా, నువ్వు గూడ ఏడ్చినవు గద ఆ దినం" అంది రచన, గడపలో నిలబడ్డ పోశవ్వతో.

"ఏడ్వలే, నవ్వాపుకున్న. నాకు ముందుగాలనే చెప్పిండు. 'నాకేం గాలె, ఊరంత మతిపోయిందంటరు, నువ్వు మాత్రం నవ్వకు' అన్నడు. కాకుంటే నలభై ఏండ్లల్ల ఒక్క ఉత్త ముగింపు చెప్పినోడు గాదు. మొదటిపారి మేనత్త అని ఉత్తది చెప్పి అచ్చి రెండు దినాలు బువ్వ ముట్టలే."

రచన అరుగు మీద ఆయన పక్కనే కూర్చుంది. సూటిగా అడిగేసింది.

"పెద్దబాపూ, పోటీ అయిపాయె. గెలిస్తిమి. నీకు మతి మంచిగున్నదని ఇప్పుడన్న అందరికి చెప్పరాదు. నీ మాటంటే ఒకప్పుడు గల్లీ గల్లీ నమ్మేది. ఇప్పుడు పిల్లలు గూడ నవ్వవట్టిరి. ఎందుకు ఊకున్నవ్?"

నర్సన్న బాదంపప్పు నమలడం పూర్తి చేసి, మూతి తుడుచుకుని అన్నాడు.

"అయింది ట్రైలరే గదనే పిచ్చి పోరి, సినిమా ముంగట ఉన్నది. నా మతి మంచిగున్నదని తెలిస్తే ఆ పదహారిట్ల ఏదో ఒకటి నిజమని దేవులాడుతరు. నువ్వు తీసి, అందరికి సూపిచ్చేదాక నన్ను గిట్లనే ఉండనియ్యి. ఇంకొకటి, నువ్వేం తొందరవడకు, నిమ్మలంగ తియ్యి. రేపటి సంది రాములవ్వ కోడలు బాదం పాలు పంపుతనన్నది."